గోరింక కట్టిన మాటలు

ఒకప్పుడు పిట్టలన్నిటికీ ఒకటే మాట. కాకి ఏమన్నా పిచ్చుకకి తెలిసేది, పిచ్చుక ఏమన్నా కొంగకి తెలిసేది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అదే మాట డేగకి కూడా తెలిసేది.

ఆ రోజుల్లో నూకాలు అనే గోరింక, మోడువారిన తాటిమాను తొర్రలో ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. ఒకరోజు పొద్దున్నే, "జొన్నచేలోకి వెళ్లి పురుగులు ఏరుకొస్తాను. తొర్ర దాటి రాకండి" అని పిల్లలకి చెప్పి వెళ్లింది.

పైన తిరుగుతున్న డేగ ఆ మాట విన్నది. తల్లి ఇంట్లో లేదని దానికి తెలిసిపోయింది. నూకాలు తిరిగొచ్చేసరికి, ఎప్పుడూ తొర్ర అంచున కూచునే పెద్దపిల్ల లేదు.

మూడు రోజులు నూకాలు మేత ముట్టలేదు. నాలుగో రోజు చిన్నపిల్ల బుల్లెమ్మ ఆకలేసి నోరు తెరిచింది.

"అమ్మా, గుజ్జుబుల్లి కావాలి."

"గుజ్జుబుల్లి ఏంటే?"

"పురుగు. లోపలంతా గుజ్జే కదా. నేనే ఆ పేరు పెట్టాను."

నూకాలుకి అన్నాళ్ల తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయింది. 'కన్నతల్లిని, నాకే ఈ మాట తెలియలేదు. డేగకెలా తెలుస్తుంది?' అనుకుంది.

ఆ రోజంతా తల్లీ కూతురూ తొర్రలో కూచుని మాటలు కట్టారు. డేగ గిరగిరా తిరుగుతుంది కాబట్టి దాని పేరు గిర్రుమామ. తొర్ర అడుక్కి దూరిపోవడం బిస్కురు. భయం లేదు, బయటికి రా అనడానికి టింగులాలు. ఒక్కో మాటకీ బుల్లెమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

సంగతి తెలిసి, గోరింకల్లో పెద్దవాడు గవరయ్య తాత మందలించడానికి వచ్చాడు.

"తాతల నాటి మాట ఉండగా ఈ వెర్రిమాటలేంటే నూకాలూ? నలుగురూ నవ్వుతున్నారు."

"నవ్వనీ తాతా. వాళ్లకి అర్థం కాకపోతే డేగకీ అర్థం కాదు" అంది నూకాలు.

వారం తిరక్కుండానే డేగ మళ్లీ వచ్చింది. అప్పుడు నూకాలు చేలో ఉంది. బుల్లెమ్మ తొర్ర ముందు కూచుని ఎండకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నూకాలు డేగని చూసింది. చేలోంచే గొంతెత్తి అరిచింది.

"గిర్రుమామ, బిస్కురు!"

బుల్లెమ్మ తటాలున లోపలికి దూరిపోయింది. డేగ గాల్లోనే తికమకపడి, వచ్చి చేను గట్టున వాలింది. జొన్నలు దట్టంగా ఉన్నాయి, దాని రెక్కలు లోపలికి పట్టవు. అందుకని బయటినుంచే గద్దించింది.

"ఏమే, బిస్కురు అంటే ఏంటి?"

నూకాలు కాస్త కూడా తడబడలేదు. "ఆ బ్రహ్మజెముడు పొదలో బలిసిన ఎలుక ఉందని అర్థం దొరా."

డేగ ఒక్క దూకు దూకింది. పొదలోంచి బయటపడేసరికి ఒంటినిండా ముళ్లే. అవి పీక్కుంటూ, మూలుగుతూ కొండవైపు పోయింది.

ఆ సాయంత్రం గోరింకలన్నీ తాటిమాను చుట్టూ చేరాయి. ముందు వరసలో గవరయ్య తాత ఉన్నాడు.

"ఆ మాటలేవో మాకూ నేర్పవే తల్లీ" అన్నాడు.

నూకాలు బుల్లెమ్మని పక్కన నిలబెట్టుకుంది. మెడ ఈకలు ఉబ్బించి, "మొదటి మాట కట్టింది నా కూతురు" అని అందరికీ వినబడేలా చెప్పింది. ఆ తర్వాత ఒక్కో మాటకీ తల కిందికీ పైకీ ఊపుతూ నేర్పింది. ముసలి గోరింకలు కూడా అలాగే మెడ ఉబ్బించి, తల ఊపి పలికాయి. డేగ ఎలాగో ఒక మాట పట్టేసేలోపు అవి పది కొత్తవి కట్టేవి.

అప్పటినుంచే గోరింక ఒక్క ఊపిరిలో ఈల వేస్తుంది, కిర్రుమంటుంది, టకటకమంటుంది. మరే పిట్టకీ అర్థం కాని ఆ మాటలు పలికేటప్పుడు, ఈనాటికీ మెడ ఉబ్బించి గర్వంగా తల ఊపుతుంది.