పేరు మార్చుకున్న పంచదార

అనగనగా ఒక ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేదిరా బంగారం. ఎవరింట్లో పుట్టినరోజైనా కేకు ఆవిడే చెయ్యాలి. పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె దింపి, మూత పెట్టి కాల్చేది. చేసి చేసి నడుం పడిపోయేది. అయినా ఎవరడిగినా కాదనేది కాదు. అదో జబ్బు ఆవిడకి.

ఆవిడ మొగుడు దేవదానానికి షుగరు వచ్చింది. కాలి మీద పుండు లేచి, ఎంతకీ మానలేదు. డాక్టరమ్మ చూసి, "పంచదార మానెయ్యాలి. లేకపోతే కాలు దక్కదు," అని గట్టిగా చెప్పింది.

అప్పుడు దేవదానం దిగులుగా, "ఊరందరి పుట్టినరోజుకీ కేకు చేస్తావు. ఇక నాకు మటుకు లేదన్నమాట," అన్నాడు.

సువార్తమ్మకి మనసు చివుక్కుమంది. "పంచదారేగా వద్దన్నారు? అది లేకుండా చేస్తాలెండి," అంది. అదిగో, అక్కడే పప్పులో కాలేసింది పిచ్చి తల్లి!

ఆయన పుట్టినరోజు ఇంకా దూరంలోనే ఉంది. ముందే చేసి చూద్దామని మొదట తేనె పోసింది. కేకు పైన మాడింది, లోపల పచ్చిపిండి. దేవదానం తిని, "బాగుందే," అన్నాడు.

ఆ తర్వాత ఖర్జూరాలు నానబెట్టి, రోట్లో వేసి రుబ్బింది. చేతులు పడిపోయాయి. ఆ కేకు ఇటుకలా వచ్చింది. దానికీ దేవదానం, "బాగుందే," అన్నాడు.

ఆ తర్వాత బెల్లం తీసింది. అప్పటికే ఒళ్ళంతా పులిసిపోయి ఉందేమో, మతి లేక వేడి పాలల్లోనే వేసేసింది. వేస్తే ఏమవుతుంది? పాలు విరిగాయి. పారబొయ్యడానికి చెయ్యి రాక, ఆ విరిగిన పాలతోనే పిండి కలిపి, కాస్త వంటసోడా వేసి పొయ్యి మీద పెట్టింది. ఏం చెప్పను! కేకు దూదిలా పొంగింది. దేవదానం ఈసారి నిజంగానే లొట్టలేసుకుంటూ తిన్నాడు. మళ్ళీ అడిగి మరీ తిన్నాడు.

అప్పుడు పుండు ఇంకా పెద్దదైంది.

డాక్టరమ్మ కోప్పడింది. "పంచదార మానమన్నానా లేదా?"

"చిటికెడు వేస్తే ఒట్టు! తేనె, ఖర్జూరం, బెల్లం, అంతేనండీ," అంది సువార్తమ్మ.

"అయ్యో, పేరే మారిందమ్మా. ఒంట్లోకి వెళ్ళాక అన్నీ తీపే."

సువార్తమ్మ ఇంటికొచ్చి గడప మీద కూలబడింది. "ఇంత చాకిరీ చేసి ఆ పుండుని నేనే మేపానా!" అని ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "నోట్లో పెట్టుకోలేని కేకు కూడా ఎందుకు తిన్నారండీ?" అని అడిగింది.

"వద్దంటే చిన్నబుచ్చుకుంటావని తిన్నానే. మరి నడుం నొప్పి పెట్టుకుని నువ్వెందుకు చేశావు?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని."

ఇద్దరికీ నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అంత అలిసిపోయారు. మిగిలిన బెల్లం కేకు పొరుగింటికి పంపేశారు.

పుట్టినరోజు వచ్చింది. సువార్తమ్మ అలవాటు కొద్దీ ఇసుక గిన్నె అందుకోబోయింది. దేవదానం ఆ గిన్నె లాక్కుని అటకెక్కించి, "నువ్వు కూర్చో," అన్నాడు. ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదురా ఇన్నేళ్ళలో. ఎలా కూర్చోవాలో కూడా తెలియక ఒక నిమిషం అలాగే నిలబడింది.

అప్పుడు దేవదానం కుంటుకుంటూ వెళ్ళి దోర జామకాయ కోసుకొచ్చాడు. దాని మీద కొవ్వొత్తి గుచ్చి వెలిగించాడు. ఇద్దరూ కలిసి ఊదారు. ఉప్పూ కారం అద్ది ముందు ముక్క ఆవిడ నోట్లో పెట్టాడు. ఆవిడ నములుతూ నములుతూ గోడకి చేరబడి నిద్రపోయింది. ఆయన పక్కనే కూర్చుని ఈగలు తోలాడు.

ఆ తర్వాత పుండు మెల్లగా మానింది. ఎవరైనా కేకు అడిగితే, "ఇవాళ ఓపిక లేదమ్మా," అనడం సువార్తమ్మ నేర్చుకుంది.

కథేమో కంచికి,
కేకేమో పొరుగింటికి,
గిన్నేమో అటక మీదికి,
నువ్వేమో నిద్రలోకి.
నాకూ ఇవాళ ఓపిక లేదు నాన్నా, కాస్త అటు జరుగు.