మూడుసార్లు తట్టిన బక్కన్న

అనగా అనగా, ఎండ నేలని ముట్టుకోలేనంత చిక్కటి అడవి ఒకటి ఉండేదట. అది ఏ ఒక్కరిదీ కాదు, సర్కారుది. ఏటా ఎండాకాలం అందులో ఒక పక్కన చెట్లు కొట్టించేవారు. ఆ పక్కని కూపు అనేవారు. కూపులో ఏ చెట్టు పడాలో, ఏ చెట్టు నిలవాలో చూసి, పడాల్సినదానికి సున్నం బొట్టు పెట్టే పని బక్కన్నది.

బక్కన్నకి నా అన్నవాళ్లు లేరు. అడవి నడుమ ఒక గుడిసె. దాని తలుపు ఎవరూ ఎన్నడూ తట్టలేదు. కూపు నడిచే రెండు నెలలే మనిషి గొంతు వినేది. ఆ రెండు నెలల కోసమే మిగతా పది నెలలూ బతికేవాడు.

ఒక ఏడు, అతను బొట్టు పెట్టిన ఏగిసచెట్టు కూలింది. తొర్రలో పెద్దముక్కు పిట్ట ఉంది. ఆ పిట్ట గుడ్లు పొదిగే వేళ తొర్ర మూతిని మట్టితో మూసుకుని లోపలే ఉండిపోతుంది. మగపిట్ట సన్నని కంతలోంచి పండు అందిస్తుంది. తల్లీ పిల్లలూ నలిగిపోయారు. మగపిట్ట మాత్రం పండు ముక్కున పట్టుకుని, చెట్టు లేని చోట తిరిగింది. మూడు రోజులు తిరిగింది.

"నేనే కదా బొట్టు పెట్టింది," అన్నాడు బక్కన్న.

ఆనాటి నుంచి ప్రతి చెట్టునీ మూడుసార్లు తట్టేవాడు. టక్, టక్, టక్. "ఎవరన్నా ఉన్నారా తల్లీ?" అని చెవి ఆనించేవాడు.

"చెట్టుని పిల్లనిమ్మని అడుగుతున్నావా మామా?" అని కోతగాళ్లు ఆటపట్టించేవారు. అతనూ నవ్వేవాడు. ఎగతాళైనా మనిషి మాటే కదా!

మరో ఏడు, కూపుల మీద పెత్తనం చేసే దొర వచ్చాడు. అడవికల్లా పెద్ద మద్దిచెట్టు చూపించాడు.

"దీనికి పెట్టరా బొట్టు."

బక్కన్న తట్టాడు. టక్, టక్, టక్. లోపల రెక్క కదిలింది.

"ఉన్నారు దొరా."

"ఇది పడకపోతే నీ పని తీసేసి, కూపుని ఏటి అవతలికి మార్చేస్తా. ఇక నీ గడపకి కాకి కూడా రాదు, చూసుకో!"

బక్కన్న కోతగాళ్ల వైపు చూశాడు. వాళ్ల పొయ్యి పొగ వైపు చూశాడు. చెట్టు వైపు చూశాడు. సున్నం ముంత నేల మీద బోర్లించేశాడు.

కూపు ఏరు దాటిపోయింది. మొదటి ఎండాకాలం ఎవరూ రాలేదు. రెండో ఎండాకాలం ఎవరూ రాలేదు. మూడో ఎండాకాలం కోతగాళ్లకే మనసు పీకి, ఏరు దాటి వచ్చారు. పెద్ద మద్ది నిలిచే ఉంది. గుడిసె తలుపు మూసి ఉంది. తట్టారు. టక్, టక్, టక్.

"బక్కన్న మామా, ఉన్నావా?"

లోపల ఏదీ కదల్లేదు.

ఇప్పటికీ ఆ అడవిలో గొడ్డలి ఎత్తేముందు చెట్టుని మూడుసార్లు తడతారు. "బక్కన్న మామా, ఉన్నావా?" అని చెవి ఆనించి ఆగుతారు. లోపల చిన్న సడి వినబడిందా, గొడ్డలి దించేస్తారు. చెట్టు మొదట్లో ఒక పండు పెట్టి, "ఉన్నాడర్రా మామ, ఇంట్లోనే ఉన్నాడు," అనుకుంటూ వెళ్లిపోతారు.