కూతకు కూలి

మద్దికోన అనే అడవిలో ఒక ఎలుగుబంటి, ఒక తీతువు పిట్ట, ఒక ముళ్ళపంది, ఇంకా బోలెడన్ని అడవిపందులూ కొండముచ్చులూ ఉండేవి. అక్కడి ఇప్పచెట్లన్నీ ఎలుగుబంటివే. కనీసం అతను అలా చెప్పుకునేవాడు, చెట్లను అడిగినవాళ్ళు లేరు. అతని పేరు జంబయ్య.

ఇప్పపువ్వు తెల్లవారేటప్పుడు రాలుతుంది. జంబయ్య ఆ పూలను కుప్ప పోసి, కడుపారా తిని, కుప్ప పక్కనే వెల్లకిలా పడి నిద్రపోయేవాడు. పక్కన పిడుగు పడ్డా లేచే రకం కాదు. ఇంకేం, అడవిపందులు తీరిగ్గా వచ్చి కుప్ప ఖాళీ చేసి పోయేవి.

ఇలా లాభం లేదని జంబయ్య తీతువును పిలిచాడు. ఆ పిట్ట పేరు తీతమ్మ. నేలమీద, రాళ్ళ మధ్య బతికే పిట్ట కాబట్టి నేలమీద ఏది కదిలినా ఆమె కంటపడుతుంది. కంటపడిందంటే కూస్తుంది. ఆ కూత సూదిలా చెవిలో దిగుతుంది.

"పూత ఉన్నన్నాళ్ళూ నా కుప్పకు కాపలా ఉండు. ఎవరొచ్చినా కూయి. తొలకరి పడగానే వాగొడ్డున ఉన్న చెదపుట్ట తవ్వి నీకిస్తాను" అన్నాడు జంబయ్య.

తీతమ్మకు అంతకంటే ఏం కావాలి? తొలకరికి ఆమె పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. మెత్తటి చెదపురుగులంటే వాటికి పండగే. ఎండకు రాయిలా బిగిసిన పుట్టను ఆమె సన్నటి ముక్కు ఏమీ చేయలేదు. ఎలుగు గోళ్ళకైతే అదొక లెక్క కాదు. పక్కనే గడ్డలు తవ్వుకుంటున్న ముళ్ళపంది ముళ్ళయ్య కూడా ఈ మాట విన్నాడు.

ఆ పూతకాలమంతా తీతమ్మ ఎండలో నిలబడి కాపలా కాసింది. పందులు వచ్చినప్పుడల్లా కూసింది. కూసినప్పుడల్లా జంబయ్య ఉలిక్కిపడి లేచాడు. ఒక్క పువ్వు పోలేదు. పూత అయిపోయాక తీతమ్మ ఎలుగు మాట నమ్మి ఆ చెదపుట్ట పక్కనే గుడ్లు పెట్టింది.

మబ్బులు పట్టాయి. తొలకరి చినుకులు పడ్డాయి. తీతమ్మ వెళ్ళి, "దొరా, నా కూలి" అంది.

"ఏం కూలి?" అన్నాడు జంబయ్య. "నా కుప్పలోంచి ఒక్క పువ్వైనా పోయిందా? పోలేదు. అంటే దొంగలే రాలేదు. దొంగలు రాని చోట కాపలా ఏమిటి? నువ్వు ఊరికే కూశావు. అది రొద. రొదకు ఎవరైనా కూలి ఇస్తారా?"

తీతమ్మ బిక్కచచ్చిపోయింది. పరాయి కుప్ప కోసం అడవంతా దద్దరిల్లేలా కూసిన పిట్టకు తన కూలి కోసం నోరు పెగల్లేదు. పుట్ట దగ్గరికి తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఆ పుట్టను చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"అడగనిదే అమ్మయినా పెట్టదు, తీతమ్మా. రేవు పంచాయతీకి పోదాం పద" అన్నాడు ముళ్ళయ్య.

ఆ అడవిలో పెద్ద తగాదాలు పులి దగ్గరికి పోతాయి. చిన్నవాళ్ళ చిన్న బాకీలకు మాత్రం వాగు రేవులో ఉడుము తాత ఉన్నాడు. అక్కడి కట్టుబాట్లు కూడా చిన్నవే. ముందు ఒక సాక్షి ఎదుట బాకీ అడిగి ఉండాలి. పంచాయతీలో ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి.

తీతమ్మ ముళ్ళయ్యను వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ అడిగింది. ఈసారి జంబయ్య అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు జంతువులన్నీ నీళ్ళకు వచ్చే వేళకు పంచాయతీ కూడింది. జంబయ్య తన తరఫున వాదించడానికి నక్కను తెచ్చుకున్నాడు.

"నక్కబావా, వచ్చినవాడివి నీళ్ళు తాగి వెళ్ళు. ఇక్కడ నీతో పనిలేదు" అన్నాడు ఉడుము తాత. నక్క నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

తీతమ్మ గొంతు మొదట వణికింది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పింది. జంబయ్య ఇస్తానన్న మాట తన చెవులతో విన్నానన్నాడు ముళ్ళయ్య.

"దొంగలే రాలేదు తాతా! ఈ పిట్ట రోజూ కూసి నా నిద్ర చెడగొట్టింది" అన్నాడు జంబయ్య.

"అయ్యో పాపం. కూసినప్పుడు నువ్వు లేచేవాడివా?"

"లేవక?"

"లేచి ఏం చేసేవాడివి?"

జంబయ్య ఛాతీ విరుచుకున్నాడు. అందరూ చూస్తున్నారు మరి. "ఏం చేస్తాను? ఒక్క అరుపు అరిచేవాణ్ణి. పందుల మందకు మంద తోకలు ముడుచుకుని పరుగో పరుగు. కావాలంటే వాటినే అడగండి."

నీళ్ళు తాగుతున్న అడవిపందులు తలలు దించుకున్నాయి.

"అయితే దొంగలు వచ్చారన్నమాట. నిద్రపోతున్న నీకు ఆ సంగతి ఎవరు చెప్పారు నాయనా?" అని అడిగాడు ఉడుము తాత మెల్లగా.

జంబయ్య కళ్ళు తనకు తెలియకుండానే తీతమ్మ వైపు తిరిగాయి.

"పుట్ట తవ్వి ఇవ్వు. ఇదే తీర్పు" అన్నాడు ఉడుము తాత.

"తీర్పుకు గోళ్ళున్నాయా? గోళ్ళున్నది నాకు. నేను తవ్వను."

"నీ చేత బలవంతంగా తవ్వించలేను. కానీ కూత పని కాదని నువ్వే అన్నావు. ఈ బాకీ తీరేదాకా మద్దికోనలో నీకోసం ఎవరూ కూయరు."

జంబయ్య పకపకా నవ్వి వెళ్ళిపోయాడు. ఉడుంపట్టు ఎలా ఉంటుందో పాపం అతనికి తెలియదు.

నేరేడుపళ్ళు రాలసాగాయి. జంబయ్య ఎప్పటిలాగే కుప్ప పోసి, తిని, పడుకున్నాడు. పట్టపగలే పందులు వచ్చాయి. చెట్టు మీది గోరింకలు చూశాయి, కూయలేదు. కొండముచ్చులు చూశాయి, కిచకిచమనలేదు. జంబయ్య లేచేసరికి కుప్ప చోట గింజలే మిగిలాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కాపలాకు ఏ పిట్టను పిలిచినా రాలేదు. కోనలోని నేరేళ్ళన్నీ అలాగే పోయాయి. కడుపు కాలుతుంటే జంబయ్యకు నవ్వు రాలేదు.

ఇక్కడ తీతమ్మకూ దిగులుగానే ఉంది. గెలిచిన తీర్పు పిల్లల కడుపు నింపదు కదా. గుడ్ల లోపల ముక్కులు టకటకమంటున్నాయి. అప్పుడే జంబయ్య తల వంచుకుని పుట్ట దగ్గరికి వచ్చాడు. పుట్టలోకి గోళ్ళు దించాడు. పుట్ట ఫెళ్ళున విరిగింది. ఆ పూటే పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వచ్చాయి. సన్నటి కాళ్ళ మీద తూలుతూ పోయి చెదపురుగులను ఏరుకుని తిన్నాయి. వాటిని చూస్తూ తీతమ్మ ఎంత సంతోషపడిందో చెప్పలేం.

జంబయ్య గోళ్ళకంటిన మన్ను దులుపుకుంటూ, "ఏమే పిట్టా, వచ్చే పూతకు మళ్ళీ కాపలాకు వస్తావా?" అని అడిగాడు.

ఈసారి తీతమ్మ గొంతు వణకలేదు.

"వస్తాను ఎలుగన్నా. కాకపోతే ఈసారి ముందు పుట్ట, తర్వాత కూత."

నీతి: ఒకరి కష్టం తిని కూలి ఎగ్గొట్టేవాడు చివరికి అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటాడు. కష్టపడినవాళ్ళు తమకు రావలసింది నోరు తెరిచి అడగాలి.