శౌరమ్మ గుట్ట మీది ఖాళీ సమాధి

కృష్ణ ఒడ్డున రోళ్లరేవులో బస్సు దిగి నూట పన్నెండు మెట్లెక్కితే శౌరమ్మ గుట్ట వస్తుంది. పైన గోపురమేమీ లేదు. రాతిలో తొలిచిన సమాధి, పక్కకు తీసిపెట్టిన మూతబండ, దాని మీద ఒక నూనెగిన్నె, అంతే. "ఇన్ని మెట్లెక్కింది ఖాళీ గుంట చూడ్డానికా?" అని విసుక్కునేవారు ఏటా ఉంటారు. అవును నాయనా, ఖాళీగా ఉందనే వస్తాం. యేసు ప్రభువు సమాధి ఖాళీగా కనబడిన ఉదయమే కదా మన పాస్కా పండుగ, ఈస్టరు! కాస్త ఆయాసం తీర్చుకుని ఈ కథ చదవండి.

పూర్వం ఇక్కడ అన్నీ రాతిపనివారి ఇళ్లు. రోళ్లు, తిరగళ్లు చెక్కి పుట్టిలో, అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్టపడవలో, అవతలి ఒడ్డుకు చేర్చేవారు. వారిలో శౌరమ్మ అనే ఆమె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కొడుకు ఇన్నయ్యను పెంచుకుంది. ఆమె నోటికి ఊరంతా హడలు. ఒక శ్రావణమాసంలో ఏరు పొంగు మీద ఉండగా ఇన్నయ్య సరుకుతో బయలుదేరాడు. నడి ఏట్లో పుట్టి తిరగబడింది. దాన్ని నడిపిన గంగులు ఎలాగో ఈదుకుని ఒడ్డున పడ్డాడు. ఇన్నయ్య మాత్రం కనబడలేదు. రెండు ఒడ్లూ మూడు వారాలు గాలించినా శవమైనా దొరకలేదు.

"నా బిడ్డను ముంచి తాను తేలాడు!" అని శౌరమ్మ రేవులో అందరి ముందూ గంగులు మీద దుమ్మెత్తిపోసింది. అతడు తలవంచుకుని ఊరు విడిచి వెళ్లిపోయాడు.

సమాధుల పండుగ నాడు ఎవరి వారి సమాధి దగ్గర వారు కొవ్వొత్తి వెలిగించుకుంటుంటే, శౌరమ్మకు వెలిగించే చోటు లేకపోయింది. ఆ బాధ ఓర్చుకోలేక తానే ఉలి పట్టి ఈ గుట్ట మీద కొడుక్కి సమాధి తొలిచింది. ఏనాటికైనా ఏరు తన బిడ్డను తిరిగి ఇస్తుందని, ఇక్కడ పడుకోబెట్టుకోవచ్చునని ఆమె ఆశ. శవానికి పూయడానికి వట్టివేళ్లు వేసి నూనె కాచి, ఏటా పాస్కా నాటి తెల్లవారగానే కొత్త నూనె తెచ్చి ఇక్కడ ఉంచేది. గుడిలో పూజకు మాత్రం వెళ్లేది కాదు. గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి చిన్నప్ప ఎంత బతిమాలినా, "మరియమ్మ కొడుకు లేచాడయ్యా, సంతోషం. నా కొడుకు దొరకనైనా లేదే!" అనేది. చిన్నప్ప మంచివాడు గనుక, మరుసటి ఏడు మళ్లీ వచ్చి పిలిచేవాడు.

ఏడో ఏట పాస్కా ఉదయం ఆమె నూనెగిన్నెతో పైకి వచ్చేసరికి మూతబండ పక్కకు జరిగి ఉంది. లోపల ఎవరో పడుకుని ఉన్నారు. "ఇన్నయ్యా!" అని కేక వేసి శౌరమ్మ సమాధిలోకి వంగింది.

"కాదమ్మా, గంగుల్ని" అన్నాడు ఆ మనిషి. "ఏటా నీ కంటబడకుండా వచ్చి మొక్కిపోతాను. రాత్రి వాన పట్టుకుంది. తలదాచుకుందామని బండ జరిపితే పాదం మీద పడింది. కాలు బాగుంటే ఈపాటికి పారిపోయేవాణ్ణే."

శౌరమ్మ గిన్నె ఎత్తింది, అతని మొహాన కొడదామనే. కాని చెయ్యి ఆగిపోయింది. గిన్నె దించి అడిగింది:

"ఆనాటి చివరి రోలు సంగతి ఎవరికైనా చెప్పావా?"

ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. బరువు చాలమ్మా అని గంగులు మొత్తుకుంటున్నా, "ఇంకొక్కటి పడుతుందిలే, దీనికోసం మళ్లీ ఓ ప్రయాణమా!" అని ఆఖరి రోలు ఎక్కించింది శౌరమ్మే.

"లేదమ్మా."

"ఎందుకు చెప్పలేదురా? ఊరంతా నిన్నే తిట్టిందే!"

"కడుపుకోతతో ఉన్నదానివి. నీ నెత్తిన ఆ రోలు కూడా పెట్టమంటావా అమ్మా?"

ఏడేళ్లుగా గడ్డకట్టిన ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. ఏడుస్తూనే అతని పాదం ఒళ్లో పెట్టుకుని, కొడుకు కోసం కాచిన నూనె చివరి చుక్క దాకా రాసింది. ఇంతలో కింద గుడిగంట మోగింది. "లే నాయనా, పూజకు వేళయింది" అని భుజం ఆసరా ఇచ్చి అతన్ని దింపుకుని వచ్చింది. రోలు ఎక్కించింది తానేనని అందరి ముందూ తన నోటితోనే చెప్పింది. బండ తిరిగి మూసి వస్తామని కుర్రకారు లేస్తే వద్దంది. "నా బిడ్డ లేచిన ప్రభువు దగ్గర ఉన్నాడు. ఇక వాణ్ణి అక్కడ వెదకను."

నేటికీ పాస్కా ఉదయం మాటలు లేని అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, సరిహద్దు తగాదాల రైతులు ఈ గుట్టెక్కుతారు. ఒకరి పాదాలకు ఒకరు వట్టివేళ్ల నూనె రాసుకుని, కలిసి దిగుతారు. తప్పు ఎవరిదో తేలకపోతే వయసులో పెద్దవారే ముందు వంగాలి. నూనె సమాధిలో పోయకండి, అది పోయినవారి కోసం కాదు, ఉన్నవారి కోసం. ఇలా చేసిన ఇంట శాంతి నిలుస్తుందని మా పెద్దల మాట. నిలవగా నేనూ చూశాను.

దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర ఎడమవైపు చూడండి. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి గంగులుది. రెండోది శౌరమ్మది. దాని రాతి మీద ఏం చెక్కాలో ఆమే ముందుగా చెప్పి పోయింది:

"ఇన్నయ్యకూ గంగులుకూ తల్లి."