రాజుగారి గ్రంథం మీద మాచమ్మ అభిప్రాయం

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు కోనమడుగు. రాజ్యమంటే మరీ పెద్దదేమీ కాదు. ఈ చివర ఎవరింట్లో చేపల పులుసు కాగినా ఆ చివరి వాళ్లకు తెలిసిపోయేది.

ఆ రాజ్యానికి ఒక గ్రంథ భండారం ఉండేది. ఎవరైనా సరే తాటాకు పుస్తకం ఇంటికి పట్టుకెళ్లవచ్చు. ప్రతి పున్నమికీ, పొద్దు వాలే వేళ, చదివినవాళ్లంతా సభలో కూర్చుని తమ తమ పుస్తకం ఎలా ఉందో చెప్పాలి. వంటవాళ్లు పాకశాస్త్రం గురించి, గుర్రాలవాళ్లు అశ్వవైద్యం గురించి, ముసలమ్మలు కథల గురించి మాట్లాడేవారు. పండితులు కూడా మాట్లాడేవారు గానీ ఆ సమయానికి మిగతావాళ్లు తాంబూలం వేసుకునేవారు.

ఆ రాజ్యాన్ని ఏలే రణధీర భూపతికి ఒకనాడు తానూ ఒక గ్రంథం రాయాలనిపించింది. తన జీవిత చరిత్రే రాశారు. వేరే విషయమేదీ అంత గొప్పగా కనిపించలేదు పాపం. రాయడం అయ్యాక సభలో ఇలా ప్రకటించారు:

"వచ్చే పున్నమికి మా గ్రంథం మీద కూడా అభిప్రాయాలు చెప్పండి. ఏ గ్రంథంలో ఎవరికీ తప్పు దొరకదో అదొక్కటే భండారంలో ఉంటుంది. తప్పులున్న పుస్తకాలు మనకెందుకు? ఏట్లో కలిపేద్దాం."

సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టనిది మాచమ్మ ఒక్కతే.

మాచమ్మ భండారంలో ఆకులకు మసి పూసే మనిషి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం ఊరికే కనిపించదు. మసీ, ఆకు పసరూ కలిపి రుద్ది, గుడ్డతో తుడిస్తేనే నల్లగా తేలుతుంది. ముప్పై ఏళ్లుగా అలా తుడుస్తూ తుడుస్తూ ఆవిడ చదవడం నేర్చుకుంది. భండారంలో ఆవిడ చదవని పుస్తకం లేదు. అవన్నీ ఏటి పాలవుతాయంటే ఆవిడకు ఆ పూట ముద్ద దిగలేదు.

రాజుగారి గ్రంథం మొదటి ప్రతి భండారానికి వచ్చింది. మరో మూడు ప్రతులు గీయించి మంత్రి సోమనామాత్యుడికీ, ఆస్థాన పండితుడు భవానీ శాస్త్రికీ, సేనాపతి బొల్లినేనికీ పంపారు. పంపే ముందు కట్టలు కట్టింది మాచమ్మే.

పున్నమి వచ్చింది. ముందు మామూలు జనం లేచారు.

వంటశాల వీరన్న మొదలుపెట్టాడు. "పాకశాస్త్రంలో పులిహోరకు ఉప్పు రెండుసార్లు వేయమని ఉంది ప్రభూ. వేశాను. రెండు గుండిగల పులిహోర గేదెలు కూడా ముట్టలేదు. మిగతాదంతా బంగారం."

గుర్రాల చెన్నడు అన్నాడు. "అశ్వవైద్యంలో కడుపునొప్పి భాగం భేష్. పళ్ల భాగం రాసినాయన మాత్రం గుర్రం నోరు ఎప్పుడూ చూసినట్టు లేదు."

కుమ్మరి ఎల్లమ్మవ్వ కథల పుస్తకం గురించి చెప్పింది. "ఆ రాకుమారుడు ఇన్ని అడవులు దాటాడు గదా, దారిలో ఒక్క పూటా అన్నం తిన్నట్టు రాయలేదయ్యా. నా మనసు మనసులో లేదు. మూడుసార్లు చదివించుకున్నాను, ఎక్కడైనా తింటాడేమోనని."

తరువాత పెద్దలు లేచారు.

"మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయాను ప్రభూ. విస్తట్లో అన్నం చల్లారిపోయింది" అన్నాడు మంత్రి.

"ఒక్కొక్క అక్షరం ముత్యంలా మెరిసింది" అన్నాడు శాస్త్రి.

"పులి వేట చదువుతుంటే నా చెయ్యి కత్తి మీదికి పోయింది" అన్నాడు సేనాపతి. అందులో పులి వేట ఉందని ఆయనకు తెలియడంలో వింతేమీ లేదు. రాజుగారు భోజనం కాగానే ఆ పులిని రోజూ చంపేవారు.

రాజుగారు మీసం దువ్వుకున్నారు. "విన్నారుగా. అన్నిటికీ వంకలున్నాయి, మాదానికి లేదు. ఇప్పుడే బండ్లు కట్టండి."

మాచమ్మ నెమ్మదిగా లేచింది. "శాస్త్రిగారూ, ఆ ముత్యాల్లో ఒక్కటి మీ నోట వినాలని ఉంది. చదవండి బాబూ."

శాస్త్రి కట్ట విప్పాడు. ఒక ఆకు చూశాడు, తిరగేసి చూశాడు. "ఈమధ్య చూపు మసకబారింది" అని మంత్రికి అందించాడు. మంత్రికీ అప్పుడే మసకబారింది. సేనాపతి అడగకముందే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

రాజుగారు దిగివచ్చి కట్ట లాక్కున్నారు. ఆకులన్నీ బోసిగా, పచ్చగా ఉన్నాయి. మిగతా రెండు కట్టలూ తెప్పించి విప్పించారు. అవీ అంతే.

"ఏమిటిది?"

"మసి పూయలేదు ప్రభూ, తప్పు నాదే" అంది మాచమ్మ. "అక్షరాలు కనిపించడం లేదని ఎవరైనా తెస్తే ఒక్క పూట పని. నెల్లాళ్లూ గుమ్మంలోనే కూర్చున్నాను. వీరన్న వచ్చి ఉప్పు గురించి నాతో పోట్లాడి వెళ్లాడు. వీటి కోసం మాత్రం ఎవరూ రాలేదు."

"వీరన్న చూపింది తప్పు. వీళ్లు చెప్పింది మెప్పు" అన్నారు రాజుగారు, గొంతులో పస తగ్గి.

"ఉప్పెక్కువైందని చెప్పాలంటే తినాలి కదా ప్రభూ."

సేనాపతి కత్తి ఈసారి నిజంగానే బయటికి వస్తుందేమోనని జనం మాచమ్మ మెడకేసి చూశారు.

"అయితే మా గ్రంథం ఎవరూ చదవలేదన్నమాట" అన్నారు రాజుగారు.

"ఒక మనిషి చదివింది. మొదటి ప్రతికి మసి పూసింది నేనే."

"ఎలా ఉంది?"

"పులి మూడో ఆకులోనే చచ్చింది ప్రభూ. తొమ్మిదో ఆకుదాకా మీరు దాన్ని చంపుతూనే ఉన్నారు."

మంత్రి కళ్లు మూసుకున్నాడు.

"కానీ చిన్నప్పుడు గుర్రమెక్కమంటే భయపడి గాదెలో దూరి, తాతగారు వెతుకుతుంటే తుమ్మి దొరికిపోయారే, ఆ ఆకు నాలుగుసార్లు చదివాను. నవ్వాగలేదు. మీ తాతగారంటే ఇష్టం కలిగింది."

"అది తీసేద్దామనుకున్నాం" అన్నారు రాజుగారు.

"పులిని తీసేయండి."

ముందు రాజుగారి మీసం కదిలింది, తరువాత పొట్ట కదిలింది. ఆపైన ఆయన నవ్వు కోట బయట బండ్లు కడుతున్నవాళ్లకు కూడా వినిపించింది. వాళ్లు ఎడ్లను విప్పేశారు. పుస్తకాలన్నీ ఎక్కడివక్కడే ఉండాలని ఆజ్ఞ అయింది. పెద్దలు ముగ్గురూ వచ్చే పున్నమికి తలా ఒక పుస్తకం చదివి, ఒక్కొక్క తప్పైనా పట్టుకురావాలని ఇంకో ఆజ్ఞ అయింది.

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి మాచమ్మకు ఇచ్చారు. నాకెందుకు ప్రభూ అని ఒకసారి అనడం మర్యాద. ఆవిడ అనలేదు, మెడలో వేసేసుకుంది.

జనం లేచి వెళ్తున్నారు. రాజుగారు మాత్రం మొదటి ప్రతి తెప్పించుకుని, సింహాసనం మెట్టు మీదే మాచమ్మ ఎదురుగా చతికిలబడ్డారు.

"సరే. పదో ఆకు నుంచి చెప్పు" అన్నారు.

మాచమ్మ ముందు ఒక చెంబుడు మంచినీళ్లు తెప్పించమంది.