మేకకంపుకు రంగు

ఒకానొక రాజ్యంలో రాజుగారి బిరుదులు చదవడానికే ఒక ఝాము పట్టేదట. చదివేవాడు మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగేవాడట. ఆ రాజుగారి పేరు ప్రచండభూపతి. ఇరవై ఏళ్ళ క్రితం తుంగేటి ఒడ్డున ఆయన ఒకే ఒక్క యుద్ధం గెలిచారు. అప్పటినుంచి కొలువులో రోజూ దాన్నే మళ్ళీ మళ్ళీ గెలుస్తూ వచ్చారు.

ఒకనాడు ఆ గెలుపును పటంగా వేయించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. పటమంటే గోడకు తగిలించే బొమ్మ కాదు. బారల కొద్దీ గుడ్డ మీద కథంతా వరసగా బొమ్మల్లో వేస్తారు. కథకులు ఆ చుట్టను ఊరూరా మోసుకెళ్ళి, విప్పుకుంటూ, బొమ్మ బొమ్మకూ ఆగి పాట పాడతారు. జనం నమ్మేది దాన్నే. పండితులు రాసిన తాళపత్రాలు పెట్టెల్లోనే ఉంటాయి కదా! అందుకే రాజుగారికి పండితుల మీదకన్నా పటం వేసేవాళ్ళ మీద అనుమానం ఎక్కువ.

పని సింగోజుకు దక్కింది. రాజ్యంలో అతన్ని మించిన చెయ్యి లేదు. కానీ అతన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది.

"ఆఖరి బొమ్మలో యుద్ధం వెయ్యాలి" అన్నారు రాజుగారు మీసం సర్దుకుంటూ. "గుట్ట మీద వెల్లగొడుగు కింద, బాణాల వానలో మేము. కింద ఏటి ఒడ్డున, పారిపోతున్న మీ తండ్రి."

కొలువులో తలలన్నీ సింగోజు వైపు తిరిగాయి. సింగోజు తండ్రి మల్లోజు సైన్యానికి జెండాలూ డాళ్ళూ చిత్రించేవాడు. ఆ యుద్ధానికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. శవమూ రాలేదు. భయపడి ఏరు దాటి పారిపోయాడని రాజుగారే చాటింపు వేయించారు. ఆ రోజు నుంచి వాళ్ళ ఇంటికి 'పరుగోళ్ళ ఇల్లు' అని పేరు. మల్లోజు భార్య ఆదెమ్మను ఇరవై ఏళ్ళుగా ఎవరూ పేరంటానికి పిలిచింది లేదు.

'కొడుకే తన చేత్తో వేస్తే ఇక అడిగేవాడు ఉండడు. అదీ ఈయన ఎత్తు' అనుకున్నాడు సింగోజు. పైకి మాత్రం దణ్ణం పెట్టి, "చిత్తం మహాప్రభూ" అన్నాడు.

అసలు సంగతేమిటంటే, సింగోజుకు రాజుగారి మీద ఏనాటినుంచో అనుమానం ఉంది. మూడేళ్ళ కిందట ఆ వెల్లగొడుగును బాగు చెయ్యమని అతని దగ్గరికే పంపారు. బాణాలు దూరి గొడుగు జల్లెడైపోయింది. దాని కింద నిలబడ్డామని చెప్పుకునే రాజుగారి ఒంటి మీద చూడబోతే దోమకాటు కూడా కనపడదు. గొడుగు కర్ర మీద, చెయ్యి బిగించి పట్టుకునే చోట, ఎర్రటి ఇంగిలీకం అంటిన వేళ్ళ మరకలు ఉన్నాయి. రంగు కలిపే వేళ్ళకు ఆ ఎరుపు పట్టుకుంటే వదలదు. సింగోజు తన వేళ్ళు ఆ మరకల మీద ఆనించి చూసుకున్నాడు. మరకలు తుడవకుండానే గొడుగు తిరిగి పంపేశాడు. మరకల్ని సాక్ష్యానికి పిలిస్తే రాజుగారు గొడుగునూ కాలుస్తారు, తననూ కాలుస్తారని అతనికి తెలుసు.

ఇంటికెళ్ళి తల్లికి సంగతి చెప్పాడు. ఆదెమ్మ పటం గుడ్డకు పట్టించే చింతగింజల జిగురు కాస్తోంది. తెడ్డు అలాగే ఆగిపోయింది.

"ఒరే సింగా, మీ నాయన నేర్పిన చేత్తోనే మీ నాయన్ని పరిగెత్తిస్తావుట్రా?"

"వెయ్యనంటే చేతులు తీయిస్తాడమ్మా."

"చేతులుంచుకుని ఏం చేసుకుంటావు మరి?" అని ఆమె మళ్ళీ తెడ్డు తిప్పింది. ఆ మాట సింగోజుకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

పటం మొదలైంది. ఈ పనిలో ఒక కట్టు ఉంది. వేయించేవారు పదిమంది ఎదుట ఒక్కో ఘట్టమూ తమ నోటితో చెప్పాలి. చిత్రకారుడు అడిగి అడిగి తెలుసుకుని వెయ్యాలి. పక్కన కూర్చున్న కథకులు ఆ మాటలే పాటకు ఎత్తుకుంటారు. నోటితో చెప్పనిది గుడ్డ మీదకు రాకూడదు. రాజుగారు తమ పుట్టుక చెప్పారు, విద్యాభ్యాసం చెప్పారు, ఉట్టినే ఎదురొచ్చి చచ్చిపోయిన పులిని గురించి రెండు రోజులు చెప్పారు. సింగోజు అన్నీ వేశాడు.

రాజుగారికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆయన మంత్రి సోమయామాత్యుణ్ణి రోజూ పంపేవారు. మంత్రి వచ్చి పటాన్ని తలకిందులుగా చూసేవాడు, ఎండకు పట్టి చూసేవాడు. పులి మొహంలో రాజుగారి పోలికలు ఉన్నాయేమోనని వెతికేవాడు. ఒకసారి గోటితో గీకి నాలుక మీద వేసుకుని కూడా చూశాడు.

"ఏమయ్యా, ఇందులో ఏదో దాచావు" అనేవాడు.

"ఏం దాచానో తమరే చెప్పండి, తీసేస్తాను" అనేవాడు సింగోజు.

చివరికి మంత్రి కనిపెట్టాడు. యుద్ధం బొమ్మలో గుట్ట మీద గొడుగు ఉంది, గొడుగు కింద చోటు ఖాళీ. ఏటి ఒడ్డున జానెడు గుడ్డ, అదీ ఖాళీ. తెల్లగా, రంగు సోకకుండా. మంత్రి ఆయాసపడుతూ కోటకు పరిగెత్తాడు.

మర్నాడు నిండు కొలువులో పటం పరిచారు. రాజుగారు సింహాసనం దిగి వచ్చి, ఆ తెలుపు చుట్టూ పాముపుట్ట చుట్టూ తిరిగినట్టు తిరిగారు.

"ఏమిటిది?"

"ఖాళీ మహాప్రభూ. గొడుగు కింది చోటు ఆఖరున వెయ్యాలని ఉంచాను. యుద్ధం గురించి ఏలినవారు గెలిచామని చెప్పారు గానీ, మా నాయన ఎలా పారిపోయాడో చెప్పలేదు. నేను చూడలేదు. చూసినవారు చెప్పందే వెయ్యకూడదని మా కట్టు."

"మాకే వల పన్నుతున్నావా?"

"అయ్యో! నాకేం, తమరి మాట మీద ఊరికే వేసేస్తాను. రేపు కథకులే జనంతో అంటారు, రాజుగారు ఈ ఒక్క ఘట్టం ఎందుకు చెప్పలేదో అని. ఆ అనుమానం తమరికి ఎందుకని ఆగాను."

అనుమానం అనే మాట వినగానే రాజుగారు కథకుల వైపు ఓరగా చూశారు. వాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"చెప్పడానికేముంది? పారిపోయాడు!"

"నడిచా, గుర్రం మీదా?"

"పుట్టిలో. తోలు తొడిగిన గుండ్రటి పడవ. ఒకడే పట్టేది."

"ఒంటి మీద ఏముంది ప్రభూ?"

"ఎవరూ గుర్తు పట్టకుండా నెత్తిమీదుగా నల్ల గొంగడి కప్పుకున్నాడు."

"కాళ్ళకు?"

"ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. తీసుకునే వ్యవధి ఏదీ?"

అబద్ధమాడాలన్నా చేతిలో కాస్త సరుకు ఉండాలి. పారిపోవడం గురించి రాజుగారికి తెలిసింది ఒక్కటే. దాన్నే తీసి పరుస్తున్నారు. సింగోజు బొగ్గుతో గీస్తూ తల ఎత్తకుండా అడుగుతున్నాడు. 

"పుట్టిలో ఎలా కూర్చున్నాడు ప్రభూ?"

"కూర్చోవడం ఎక్కడిది! మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకున్నాడు. అడుగునుంచి నీళ్ళు ఊరుతున్నాయి. చలి! పైన ఆ గొంగడి ఒకటి, ఎవడో మేకలకాపరిది, మేకకంపు! ఊపిరాడితే కదా! వాంతి వచ్చినంత పనైంది..."

సింగోజు బొగ్గు కింద పెట్టాడు.

"మహాప్రభూ, నల్ల గొంగడికి మసి ఉంది. ఏటికి నీలి ఉంది. మేకకంపు ఏ రంగుతో వెయ్యమంటారు?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపేసుకున్నారు.

"అదీగాక నాదొక సందేహం. గుట్టకూ ఏటికీ నడుమ అర కోసు దూరం. గుట్ట మీద గొడుగు కింద ఉన్న తమరికి అక్కడి కంపు తగిలిందంటే, ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా సెలవివ్వాలి."

రాజుగారి మొహంలో రక్తం లేదు. చెయ్యి కత్తి పిడి మీదకు వెళ్ళింది. మంత్రి నేలచూపులు చూస్తున్నాడు.  సింగోజు తన రెండు చేతులూ చాచి పటం మీద పెట్టాడు. వేళ్ళన్నీ ఇంగిలీకంతో ఎర్రగా ఉన్నాయి.

"నరికించాలంటే నరికించండి ప్రభూ. కానీ ముందు ఒక్క మాట. గొడుగు కింద తామే నిలబడ్డ రాజుల పటాలు మా తాత నాటి నుంచి వేస్తూనే ఉన్నాం. అన్నీ ఒకేలా ఉంటాయి, జనానికి ఒకటీ గుర్తుండదు. రాజు ఏరు దాటి బతకాలని, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడని శత్రువూ, మన సైన్యమూ అనుకోవాలని, ఒక రంగులవాడు ఆ గొడుగెత్తి పట్టుకుని బాణాలన్నీ తిన్నాడు. గొడుగు కర్ర మీద అతని వేళ్ళు ఇంకా ఉన్నాయి, తెప్పించి చూడండి. ఖాళీ గొడుగు కోసం ప్రాణమిచ్చే మనిషి ఉన్న రాజు, నాకు తెలిసి, తమరొక్కరే. ఆ పటం కావాలో, అందరిలాంటి పటం కావాలో సెలవివ్వండి. ఖాళీలు రెండున్నాయి, మనుషులూ ఇద్దరే."

రాజుగారు ఆ ఎర్రటి వేళ్ళను చూశారు. కత్తి మీది చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"ఆ చేతులు నేను చూశాను" అన్నారు చిన్నగా. బిరుదులు మొదలైనప్పటినుంచి ఆయన 'నేను' అనడం అదే మొదటిసారి. "పొండి ప్రభూ, నేను పట్టుకుంటాను అన్నాడు. అంతే అన్నాడు."

తరవాత ఉన్నట్టుండి ఆయనకు నవ్వు వచ్చింది. "మేకకంపుకు రంగా! ఇరవై ఏళ్ళు కోటగోడల వెనక దాచిన సంగతి, ఒక మేక బయట పెట్టిందయ్యా!" అని పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడుగానీ కొలువులో ఎవరికీ నవ్వే ధైర్యం రాలేదు. రాజుగారు మెడలోని పతకం తీసి సింగోజు మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"మొదటి కథ మా ఇంటి ముందు చెప్పించండి" అన్నాడు సింగోజు.

చెప్పించారు. వీధి వీధంతా వచ్చింది. గుట్ట మీద గొడుగు కింద మల్లోజు నిలబడి ఉన్నాడు, చేతులు మోచేతుల దాకా ఎరుపు. ఆదెమ్మ దగ్గరికెళ్ళి ఆ చేతులు తడిమింది. "ఈయనకు ఎంత తోమినా పోయేది కాదు ఆ రంగు" అని నవ్వుతూ ఏడ్చింది. పేరంటానికి పిలవని అమ్మలక్కలు ఆమె మొహం చూడలేక తలలు దించుకున్నారు.

రాజుగారూ వచ్చారు. ఏటి మీద పుట్టి, పుట్టిలో నల్ల గొంగడి ముద్ద, దాని కిందనుంచి చెప్పులేని కాలొకటి. కథ ఆ బొమ్మ దగ్గరికి రాగానే, ఎవరూ తమను చూడటం లేదనుకుని, రాజుగారు పటం దగ్గరికి వంగి అనుమానంగా ఒకసారి వాసన చూశారట.