తుమ్మలగట్టు జోళ్ల ఎల్లమ్మ పాదాల కథ

తుమ్మలగట్టులో బస్సు దిగి గుట్ట వైపు తిరిగితే జోళ్ల ఎల్లమ్మ గుడి కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన భక్తులు మెట్ల దగ్గర చెప్పులు విప్పబోతారు. కొబ్బరికాయలు అమ్మే ఆడవాళ్ళు ‘విప్పొద్దు, విప్పొద్దు’ అని కేకలు వేస్తారు. భక్తులు ఒక కాలు గాలిలో పెట్టుకుని బిక్కముఖం వేస్తారు. ఈ క్షేత్రంలో అమ్మవారిని చెప్పులతోనే దర్శించుకోవాలి. లోపల విగ్రహం లేదు. పసుపు పూసిన బండ మీద ఒక జత తోలు చెప్పులు మాత్రం ఉంటాయి. అవి ఎవరివన్న విషయంలో మా ఆలయ కమిటీలోనే ఇంతవరకు ఒక మాట కుదరలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు విన్నవించుకుంటున్నాము.

పూర్వం ఇక్కడ కింది పేట వారు కోట వీధిలో చెప్పులతో నడవరాదన్న కట్టడి ఉండేది. వీధి మొదట్లో విప్పి చంకలో పెట్టుకుని, వీధి దాటాక తొడుక్కోవాలి. కోట వీధి వారి చెప్పులు కుట్టేదీ కింది పేట వారే. వారిలో మద్దిలేటి గొప్ప పనిమంతుడు. మట్టిలో అడుగుజాడ చూసి అది ఫలానా వారిదని చెప్పేవాడు. ‘మేము కుట్టిన చెప్పు మీ కాలికి మైల కాకపోతే, మా కాలికి ఉంటే వీధికి మైల ఎట్లయితాది?’ అని మొదట అడిగినవాడు ఆయనే. పేటలో అందరికీ తలా ఒక జత కుట్టి, అందరూ కలిసి ఆ వీధిలో నడవాలని తీర్మానించాడు.

ఆయన భార్య గిడ్డమ్మ. మీటింగులకు వచ్చినవారికి సంగటి కెలికేది, తోలు నానబెట్టేది, కోట మనుషులు అటుగా వస్తే వాకిట్లో కూర్చుని గట్టిగా దగ్గేది. ఆమె కాళ్ళకు మాత్రం చెప్పులు లేవు. అందరికీ అయ్యాక కుడతానని భర్త అన్నాడు, ఆమె సరేనంది. ఊరంతటి కొలతలు తీసినవాడు ఇంట్లో కొలత తీయలేదు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

నడక మొదలు కాకముందే మద్దిలేటిని పట్టుకుపోయి పట్నం జైల్లో పెట్టారు. కోట నుంచి గిడ్డమ్మకు కబురు వచ్చింది. పేటలోని చెప్పులన్నీ పోగుచేసి అప్పగిస్తే మొగుడు ఇంటికి వస్తాడు, నడిస్తే రాడు. పేట వారు ‘నువ్వెట్లంటే అట్లే’ అని ఆమె ముఖం చూశారు. ఆమెకు ఏమీ పాలుపోలేదు. మొగుణ్ణి అడుగుదామంటే జైలు గేటు దగ్గరికే రానివ్వలేదు. అప్పట్లో ఇక్కడ గుడి లేదు, ఎల్లమ్మ బండ ఒక్కటే ఉండేది. మిట్టమధ్యాహ్నం వచ్చి ఆ బండకు ఆనుకుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. కలలో ఎల్లమ్మ తల్లి కనిపించి, ‘నా కాళ్ళకు ఒక జత కుట్టు. కోట వీధిలో పనుండాది’ అన్నది.

లేచాక గిడ్డమ్మకు తికమక ఇంకా ఎక్కువైంది. మొగుణ్ణి విడిపించుకోమన్నదా, నడవమన్నదా? పైగా అమ్మవారి కాలి కొలత ఎవరికి తెలుసు? బండకు కాళ్ళు లేవు. చివరికి తన పాదమే తోలు మీద పెట్టి, గీత గీసి కుట్టింది. ఒంటికి పసుపు రాసుకుని, ఆ జతను వేపమండలతో సహా తెచ్చి బండ ముందు పెట్టింది. ఎవరూ వచ్చి తొడుక్కోలేదు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తరువాత ఏమైందో కచ్చితంగా చెప్పగలవారు లేరు. జుట్టు విరబోసుకుని, ముఖం నిండా పసుపుతో ఒక స్త్రీ ఆ చెప్పులు తొడుక్కుని కోట వీధిలోకి వచ్చింది. వెనుక పేట పేటంతా చెప్పులతో నడిచింది. కర్రలు పట్టుకుని కాచుకున్నవారు ఆమెను చూసి కర్రలు దించి దండం పెట్టారు. ఆమెను గుర్తుపట్టిన ఆడవాళ్ళు కూడా ‘ఎల్లమ్మ నడిచింది’ అనే అన్నారు. పూనకం వచ్చిన మనిషిని పేరు పెట్టి చెప్పడం మా వైపు లేదు.

కట్టడి పోయింది. నడక అయ్యాక ఆ చెప్పులు మళ్ళీ బండ మీదికే చేరాయి. మద్దిలేటి మాత్రం మరుసటి ఏడు వానల దాకా జైల్లోనే మగ్గాడు. తిరిగి వచ్చిన రోజు డప్పులతో ఆయనను బండ దగ్గరికి తెచ్చారు. ఆయన అక్కడున్న చెప్పులు చేతిలోకి తీసుకుని, అడుగున అరిగిన చోట్లు తడిమి చూశాడు. ‘నాకు తెలీని పాదం ఈ ఊర్లో లేదు. ఇది ఈ ఊరి పాదం కాదు. ఇది అమ్మదే!’ అన్నాడు. ఆ మాట మీదనే ఈ గుడి కట్టారు. వచ్చినవారికి సంగటి వడ్డిస్తూ గిడ్డమ్మ అక్కడే ఉంది. ఇది రాస్తుంటే మాకు ఆయన మీద కోపం వస్తున్నది. అయినా ఆయన అబద్ధమాడాడని అనలేము.

కొన్నేళ్ళకు గిడ్డమ్మ మడమలో తుమ్మముల్లు దిగింది. మద్దిలేటి ఆమె పాదం ఒడిలోకి తీసుకుని ముల్లు తీశాడు. తీసినా పాదం వదలలేదు. ఆ తరువాత జరిగిన సంభాషణ, పక్కనే ఉన్న వారి కూతురు చెప్పినది.

‘ఏమ్మే, ఆ చెప్పులు నీవా?’

‘కుట్టింది నేనే. నడిచింది ఆమో నేనో నాకే తెల్దు.’

‘మరి ఆ పొద్దే ఎందుకు చెప్పకపోతివి?’

‘ఏమని చెప్పేది? నడిస్తే నువ్వు రావని తెలుసు. తెలిసీ కాళ్ళు అటే పోయె. అమ్మ నడిచిందంటే, నిన్ను జైల్లో ఇడిసిపెట్టింది నేను కాదని గదా!’

మద్దిలేటి ఆమె పాదం మీద తల ఆనించి ఏడ్చాడు. ఆ రోజే కూర్చుని ఆమెకు జత కుట్టాడు.

ఏటా చైత్రమాసం చివరి మంగళవారం ఇక్కడికి దంపతులు వస్తారు. భర్త కళ్ళు మూసుకుని, తోలు ముక్క మీద భార్య పాదం గీయాలి. గీత తప్పితే ఆమె పాదం ఒడిలోకి తీసుకుని మళ్ళీ కొలవాలి. మొదటిసారే సరిగ్గా గీసినవాణ్ణి మేమింకా చూడలేదు. ఇలా కొలిచి కుట్టించిన జత తొడిగితే కాపురం చల్లగా ఉంటుందని నమ్మకం.

ఉద్యమాల్లో తిరిగే మగవారి భార్యలూ దూరాభారం లెక్కచేయక వస్తారు. వారు కొలతలకు ఆగరు. ఆ చెప్పుల ముందు ఊరకే నిలబడతారు. పూజారిణి మారెమ్మ వారి నొసట పసుపు పెట్టి, ‘నువ్వు కాదులే బిడ్డా, అమ్మ నడిచింది’ అంటుంది.